మలంలో క్యాండిడా ఎక్కువ అని రిపోర్టు వస్తే ఐబీడీ పిల్లలకి ఫ్లూకనజోల్ వేయాలా?

పథ్యంపట్టిక
క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ (పేగుల్లో దీర్ఘకాలం మంట ఉండే ఈ జబ్బులనే ఐబీడీ అంటారు) ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇంటి నుంచే శాంపిల్ పంపి చేయించుకున్న "గట్ టెస్ట్" రిపోర్టులు పట్టుకొస్తున్నారు. అందులో ఫంగస్‌కి ఒక పేజీ. ఎర్ర గడిలో "క్యాండిడా 62%", క్యాండిడా అంటే ఒక రకం ఈస్ట్. కింద చక్కెర మానండి, పళ్లు మానండి, ఈస్ట్ తగిలినవన్నీ మానండి అని జాబితా. అది చూపించి ఫ్లూకనజోల్ లాంటి యాంటీఫంగల్ (ఫంగస్‌ని చంపే మందు) రాయమని అడుగుతారు. అసలే బరువు పెరగని పిల్లలు, ఈ పథ్యాలతో ఇంకా చిక్కిపోతున్నారు. ఆ శాతానికి అర్థం ఏంటి, ఫంగస్‌కీ ఐబీడీకీ నిజంగా సంబంధం ఉందా, ఉంటే మందు ఎందుకు వేయకూడదు? "ఆధారం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వాళ్లు ఒప్పుకోవట్లేదు, ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఐటీఎస్_రీడ్స్
62% అంటే దేనిలో 62% అని ముందు అడగండి. పేగులోని సూక్ష్మజీవుల జన్యుపదార్థం మొత్తంలో ఫంగస్ వాటా మామూలుగా 0.1 శాతం లోపే. ఈ టెస్టులు ఫంగస్ డీఎన్ఏలోని ఐటీఎస్ అనే భాగాన్ని పీసీఆర్‌తో పెంచి చదువుతాయి. అంటే బ్యాక్టీరియాని పూర్తిగా పక్కన పెట్టేసి ఫంగస్‌ని మాత్రమే లెక్కపెడతాయి. ఆ చిన్న గుంపులో 62 అన్నమాట. పేగు మొత్తం మీద చూస్తే 0.06 శాతం, అంతకన్నా తక్కువ.

పైగా అది వాటా, సంఖ్య కాదు. మిగతా ఫంగస్‌లు తగ్గిపోతే చాలు, క్యాండిడా ఒక్క కణం కూడా పెరక్కుండానే దాని శాతం పైకి పోతుంది. అసలు ఎంత ఉందో తెలియాలంటే గ్రాము మలానికి ఎన్ని కాపీలు అని క్యూపీసీఆర్ చేయాలి. ఆ అంకె రిపోర్టులో లేకపోతే "అతివృద్ధి" అన్న మాట వాడే హక్కు ఆ రిపోర్టుకి లేదు.

డీఎన్ఏ తీయడం ఇంకో తలనొప్పి. ఫంగస్ గోడలో కైటిన్, గ్లూకాన్ ఉంటాయి కాబట్టి బ్యాక్టీరియాకి సరిపోయే పద్ధతితో అది పగలదు. చిన్న చిన్న పూసలు వేసి యంత్రంలో గట్టిగా కుదపాలి, బీడ్ బీటింగ్ అంటారు. అది సరిగ్గా చేయకపోతే తేలిగ్గా పగిలేవే కనిపిస్తాయి, గట్టి గోడ ఉన్నవి లోపలే ఉండిపోతాయి. ఐటీఎస్ పొడవు కూడా జాతిని బట్టి మారుతుంది, పొట్టివి పీసీఆర్‌లో ఎక్కువగా పెరుగుతాయి. ఐటీఎస్1 చదివిన ల్యాబ్‌కీ ఐటీఎస్2 చదివిన ల్యాబ్‌కీ ఒకే శాంపిల్‌లో వేరే అంకెలు రావడానికి ఇదొక కారణం.

ఇక కాలుష్యం. ఫంగస్ ఇంత తక్కువ ఉన్నచోట గాలిలోంచి, చర్మం మీంచి, కిట్ ద్రావణాల్లోంచి వచ్చేది కూడా లెక్కలో కలిసిపోతుంది. శాంపిల్ లేని ఖాళీ గొట్టాన్ని కూడా అదే దారిలో నడిపించి, అందులో ఏం వచ్చిందో చూడాలి. అది చేయని రిపోర్టులో ఒకటి రెండు శాతం కనిపించే పేర్లని అస్సలు పట్టించుకోవద్దు.

మూడోబెంచి
తిన్నది కూడా అందులో కనిపిస్తుందా? బ్రెడ్ తింటే ఈస్ట్ అని వస్తుందా?

ఐటీఎస్_రీడ్స్
వస్తుంది. సీక్వెన్సింగ్‌కి, అంటే ఇలా డీఎన్ఏ చదివే పద్ధతికి, బతికిన కణం, చచ్చిన కణం తేడా తెలీదు. కాల్చిన బ్రెడ్‌లో చచ్చిపోయిన శాకరోమైసిస్ (బ్రెడ్ ఈస్ట్) కూడా పేరు నమోదు చేయించుకుంటుంది. చీజ్ తింటే పెనిసిలియం, పుట్టగొడుగులు తింటే అగారికస్. క్యాండిడా కూడా కొంత నోట్లోంచి ఉమ్మితో పాటు మింగినదే. నోట్లో తెల్లటి ఫంగస్ పూత ఉన్న బిడ్డ మలంలో క్యాండిడా కనబడితే పేగు గురించి అది చెప్పేది ఏమీ లేదు.

పీడీగ్యాస్ట్రో
పై రెండు పోస్టులూ ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి. రెండో ప్రశ్న నేను తీసుకుంటా.

సంబంధం ఉంది, లేదనకండి. 2015లో ఐబీడీ పిల్లల మీద వచ్చిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలతో పోలిస్తే ఫంగస్ వైవిధ్యం తక్కువ, క్యాండిడా ఎక్కువ కనిపించాయి. అదే ఏడాది ఎంటరల్ న్యూట్రిషన్ (ఫార్ములా పాలతో చికిత్స) గానీ యాంటీ టీఎన్ఎఫ్ (ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంజెక్షన్) గానీ మొదలుపెట్టిన క్రోన్స్ పిల్లల మలాన్ని చికిత్స పొడుగునా చదివారు. జబ్బుతో పాటు, యాంటీబయాటిక్ వాడకంతో పాటు ఫంగస్ వాటా పెరిగింది. రెండో కారణాన్ని గుర్తుపెట్టుకోండి. ఐబీడీ పిల్లలు మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి మామూలు పిల్లలకన్నా ఎక్కువ వాడతారు. బ్యాక్టీరియా ఖాళీ చేసిన చోట క్యాండిడా కూర్చుంటుంది. అప్పుడు రిపోర్టులో మనం చూసేది జబ్బుకి కారణాన్నా, మందు వాడిన జాడనా? ఒక్క శాంపిల్‌తో చెప్పడం కుదరదు.

ఇమ్యూనో_వి
అంతటితో ఆపితే "ఫంగస్ ఊరికే కూర్చున్న ప్రేక్షకుడు" అన్న అభిప్రాయం వస్తుంది. అది కూడా సరికాదు.

ఫంగస్ గోడలోని బీటా గ్లూకాన్‌ని మన కణాలు డెక్టిన్1 అనే గ్రాహకంతో గుర్తుపడతాయి, ఆ సంకేతం కార్డ్9 అనే ప్రొటీన్ మీదుగా లోపలికి వెళ్తుంది. 2012లో డెక్టిన్1 లేని ఎలుకల్లో కొలైటిస్ (పెద్దపేగు మంట) తీవ్రంగా వచ్చిందని, మనుషుల్లో ఆ జన్యువులోని ఒక తేడాకి మందులకి లొంగని అల్సరేటివ్ కొలైటిస్‌తో సంబంధం ఉందని చూపించారు. 2019లో చర్మం మీద ఉండే మలసీజియా రెస్ట్రిక్టా అనే ఫంగస్ క్రోన్స్ ఉన్నవాళ్ల పేగు గోడ మీద, ముఖ్యంగా కార్డ్9 జన్యువులో రిస్కు పెంచే రూపం ఉన్నవాళ్లలో, ఎక్కువగా కనిపించింది. ఎలుకలకి ఎక్కిస్తే కొలైటిస్ ముదిరింది. 2021లో డెబారియోమైసిస్ హాన్సెనియై అనే ఈస్ట్, అదే చీజ్ తయారీలో ఉండేది, క్రోన్స్ పుండ్లలో దొరికింది. ఎలుకల్లో అది పుండు మానకుండా అడ్డుపడింది, యాంఫోటెరిసిన్ బి అనే యాంటీఫంగల్ ఇస్తే మానడం మళ్లీ మొదలైంది.

2022 నాటిది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. క్యాండిడా ఆల్బికాన్స్ అన్నీ ఒకటి కావు. క్యాండిడాలైసిన్ అనే విషపు పెప్టైడ్‌ని గట్టిగా తయారుచేసే స్ట్రెయిన్‌లు (ఒకే జాతిలోని ఉపరకాలు) కణాలని దెబ్బతీసి మంటని రేపుతాయి, మిగతావి అంత హాని చేయవు. ఐటీఎస్ రిపోర్టులో రెండూ ఒకే పేరుతో వస్తాయి. కాబట్టి శాతం తక్కువ ఉన్న బిడ్డకి చెడ్డ స్ట్రెయిన్ ఉండొచ్చు, ఎక్కువ ఉన్న బిడ్డకి సాధు స్ట్రెయిన్ ఉండొచ్చు.

మూడోబెంచి
యాంఫోటెరిసిన్‌తో పుండు మానిందంటే మందు వేయమనేగా? పథ్యంపట్టిక గారి మూడో ప్రశ్న అదే.

ఇమ్యూనో_వి
ఎలుకల్లోనే రెండు రకాల ఫలితాలు ఉన్నాయి. ఇందాక చెప్పిన 2012 పనిలో డెక్టిన్1 లేని ఎలుకలకి ఫ్లూకనజోల్ ఇస్తే కొలైటిస్ తగ్గింది. 2016లో ఇంకో పనిలో మామూలు ఎలుకలకి అదే ఫ్లూకనజోల్ చాలాకాలం ఇస్తే కొలైటిస్ ముదిరింది. ఎందుకంటే క్యాండిడా తగ్గిన జాగాలో ఆస్పర్జిల్లస్, వాలెమియా, ఎపికాకమ్ జాతులు పెరిగాయి. పేగు ఫంగస్‌లో మనకి మేలు చేసేవీ ఉన్నాయి. ఫంగస్ గోడలోని మానాన్‌లు కొంత రక్షణ ఇస్తాయని 2017లో చూపించారు, అదీ ఎలుకల్లోనే. ఎవరికి ఏ ఫంగస్ హాని చేస్తోందో తెలియకుండా అన్నిటి మీదా మందు చల్లితే ఏ ఫలితం వస్తుందో ముందే చెప్పలేం.

పీడీగ్యాస్ట్రో
అందుకే పిల్లల ఐబీడీ గైడ్‌లైన్స్‌లో జబ్బుని అదుపు చేయడానికి యాంటీఫంగల్ అన్నది లేదు. ఫ్లేర్‌లో (జబ్బు మళ్లీ ముదిరిన దశలో) ఉన్న బిడ్డకి ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా టాక్సిన్, స్టూల్ కల్చర్, స్టెరాయిడ్‌కి లొంగకపోతే బయాప్సీలో సీఎంవీ అనే వైరస్. ఫ్లూకనజోల్ కోర్సు పూర్తయ్యేదాకా ఆగి చూద్దాం అనుకుంటే అసలు కారణం ఆ వారాల్లో ముదిరిపోతుంది. కొలైటిస్ బిడ్డకి పీయూసీఏఐ (జబ్బు తీవ్రత కొలిచే స్కోరు) 65 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే అది ఆస్పత్రిలో చేర్చాల్సిన తీవ్రత, స్టూల్ ఫంగస్ గురించి చర్చించే సమయం కాదు.

పిల్లలవార్డు
కాల్‌ప్రొటెక్టిన్ (పేగు మంటని చూపే, మలంలో కొలిచే ప్రొటీన్) సంగతి కూడా చెప్పండి. ఆ గట్ టెస్టుల్లో అదీ కలిపి ఇస్తున్నారు.

పీడీగ్యాస్ట్రో
గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు మామూలు, 250 పైన పేగులో మంట ఉందనడానికి గట్టి సూచన, మధ్యలోది మళ్లీ చేయించి చూసుకోవాలి. నాలుగేళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఎక్కువ వస్తుంది, వాళ్లకి పెద్దల హద్దు పెట్టకండి. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు వాడితే పెరుగుతుంది. ఫంగస్ పేజీ కన్నా ఈ ఒక్క అంకె పది రెట్లు పనికొస్తుంది.

మూడోబెంచి
ఒక బిడ్డకి ఆస్కా అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది అనుకుందాం. అది శాకరోమైసిస్ మీద యాంటీబాడీ కదా. అంటే ఒంట్లో ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టేనా, బ్రెడ్ మానేయాలా?

ఇమ్యూనో_వి
రెండూ కాదు. ఆస్కాకీ క్రోన్స్‌కీ ఉన్న సంబంధం 1988 నుంచి తెలుసు. యాంటీబాడీ పట్టుకునేది ఈస్ట్ గోడలోని మానాన్ అనే చక్కెర గొలుసుని. అలాంటి గొలుసులే క్యాండిడా ఆల్బికాన్స్ మీదా ఉంటాయి, క్యాండిడా వల్ల కూడా ఆస్కా పుడుతుందని 2006లో చూపించారు. అది చెప్పేది పేగు గోడ దాటి ఫంగస్ ముక్కలు రోగనిరోధక కణాలకి తగిలాయని. ఇన్‌ఫెక్షన్ అని కాదు.

పీడీగ్యాస్ట్రో
వాడకం గురించి రెండు మాటలు. పాజిటివ్ వస్తే క్రోన్స్ వైపు మొగ్గు, పీఆంకా అనే ఇంకో యాంటీబాడీ పాజిటివ్ వస్తే అల్సరేటివ్ కొలైటిస్ వైపు మొగ్గు, అంతే. నెగటివ్ వచ్చిందని క్రోన్స్ లేదనలేం, చిన్నపిల్లల్లో మరీను. సీలియాక్‌లోనూ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బులోనూ) పాజిటివ్ రావచ్చు. పేగు క్షయకీ క్రోన్స్‌కీ తేడా చెప్పడానికి ఇది పనికిరాదు, దాన్ని నమ్ముకుని స్టెరాయిడ్ మొదలుపెడితే క్షయ ముదురుతుంది. ఆస్కా గట్టిగా ఉన్న క్రోన్స్ పిల్లల్లో పేగు ఇరుకవ్వడం, ఫిస్టులా (పేగు నుంచి పక్కకి పడే దారి) లాంటివి ఎక్కువ కాబట్టి నిఘా పెంచుతాం. చికిత్స పనిచేస్తోందా అని చూడటానికి మళ్లీ మళ్లీ చేయించొద్దు, జబ్బు తగ్గినా అది పెద్దగా కదలదు.

పథ్యంపట్టిక
బ్రెడ్ మాన్పించక్కర్లేదన్నమాట. మరి చక్కెర? "చక్కెర తింటే క్యాండిడా పెరుగుతుంది" అన్నది తల్లిదండ్రుల నోట పాఠంలా వస్తుంది.

పిల్లలవార్డు
దీనికి జవాబు మీ చేతిలోనే ఉంది కదా. క్రోన్స్ పిల్లలకి మొదటి చికిత్స ఎక్స్‌క్లూజివ్ ఎంటరల్ న్యూట్రిషన్. 6 నుంచి 8 వారాలు వేరే తిండి లేకుండా ఫార్ములా ఒక్కటే. ఆ డబ్బా మీద పదార్థాలు చదవండి, పిండిపదార్థంగా ఎక్కువగా ఉండేది మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే గ్లూకోజ్ గొలుసే. చక్కెర వల్ల క్యాండిడా, క్యాండిడా వల్ల క్రోన్స్ అన్నది నిజమైతే ఆ పిల్లలకి జబ్బు ముదరాలి. ఎక్కువమందికి రెమిషన్ వస్తోంది, అంటే జబ్బు అణుగుతోంది, పేగు పొర కూడా మానుతోంది.

పథ్యం వల్ల చిక్కిన పిల్లల గురించి ఒక హెచ్చరిక. చాలా రోజులు అరకొరగా తిన్న బిడ్డకి ఫార్ములా పూర్తి మోతాదు మొదటి రోజే ఇవ్వకండి. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోతాయి. మొదలుపెట్టే ముందు ఆ మూడూ చూసి, కొన్ని రోజుల్లో మెల్లగా పెంచుతూ, మధ్యలో మళ్లీ చూస్తూ ఉండాలి. తాగలేకపోతే ముక్కు గొట్టం. రుచి మార్చడం కోసం పక్కన చిరుతిండి కలిపితే అది ఎక్స్‌క్లూజివ్ కాదు, ఫలితమూ ఆ మేరకు తగ్గుతుంది.

పథ్యంపట్టిక
మాల్టోడెక్స్‌ట్రిన్ మాట రేపటి నుంచే వాడతా. రోజూ చేతిలో పట్టుకునే డబ్బా, ఇలా చూపించొచ్చని తట్టలేదు.

ఐటీఎస్_రీడ్స్
దీనికి ఒక చేర్పు. ఫార్ములా మీద ఉన్న పిల్లల శాంపిల్‌లో తిండి నుంచి వచ్చే శాకరోమైసిస్, పెనిసిలియం తగ్గిపోతాయి. అప్పుడు క్యాండిడా శాతం దానంతట అదే పెరిగినట్టు కనిపిస్తుంది. "ఫార్ములా వల్ల ఫంగస్ పెరిగింది" అని ఎవరైనా రిపోర్టు తెస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

స్లైడ్‌గాజు
ఫంగస్‌కి నిజంగా మందు వేయాల్సిన సందర్భాలు ఉన్నాయి, అవి మరుగున పడిపోతున్నాయి. ఒకటి అన్నవాహిక క్యాండిడా. స్టెరాయిడ్, ఇమ్యునోసప్రెసెంట్‌ల (రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల) మీద ఉన్న బిడ్డ మింగేటప్పుడు నొప్పి అంటుంది, లేదా ఉన్నట్టుండి తిండి మానేస్తుంది. ఎండోస్కోపీలో తెల్లటి పొరలు, నీళ్లతో కడిగినా పోవు. బయాప్సీలో పీఏఎస్ గానీ సిల్వర్ స్టెయిన్ గానీ (ఫంగస్‌ని చూపే రంగులు) వేస్తే హైఫాలు (ఫంగస్ దారాలు) కణాల మధ్యకి చొచ్చుకుపోయి కనబడాలి. పెద్దపేగు పుండు పైన చీములో నాలుగు ఈస్ట్ కణాలు తేలుతుంటే అది పుండు మీద వాలినదే, పుండుకి కారణం అనలేం. రిపోర్టులో "ఈస్ట్ కనిపించింది" అని మాత్రమే రాసి ఉంటే, పైపైన ఉందా లోపలికి వెళ్లిందా అని పాథాలజిస్టుకి ఫోన్ చేసి అడగండి. చికిత్స మొత్తం ఆ ఒక్క మాట మీద మారుతుంది.

మందులచీటీ
అన్నవాహిక క్యాండిడాకి పిల్లల్లో ఫ్లూకనజోల్ మొదటి రోజు కిలోకి 6 మి.గ్రా., తర్వాత రోజుకి కిలోకి 3 మి.గ్రా. లేబుల్ మోతాదు. డాక్టర్ అవసరం అనుకుంటే రోజుకి కిలోకి 12 మి.గ్రా. దాకా వెళ్తారు. నొప్పి పోయిన రోజే ఆపేయకూడదు, కనీసం 3 వారాలు, లక్షణాలు పోయాక కనీసం 2 వారాలు.

అయితే ఐబీడీ బిడ్డ మందుల చీటీలో ఫ్లూకనజోల్ చేరితే మిగతా చీటీ అంతా మళ్లీ చదవాలి. కాలేయంలో మందులని విరిచే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అనే ఇమ్యునోసప్రెసెంట్‌లు రక్తంలో పెరిగి కిడ్నీ దెబ్బతింటుంది, కాబట్టి మోతాదు తగ్గించి లెవెల్ చూస్తూ ఉండాలి. ఐబీడీకే వాడే టోఫాసిటినిబ్ మోతాదు కూడా తగ్గించాలి. వాంతికి ఆండాన్‌సెట్రాన్ కూడా రాసి ఉంటే క్యూటీ (ఈసీజీలో గుండె లయని చూపే వ్యవధి) పెరిగే ప్రమాదం, ఈసీజీ తీయించండి. బుడెసోనైడ్ అనే స్టెరాయిడ్‌తో ఇట్రాకనజోల్ అనే ఇంకో యాంటీఫంగల్ కలిస్తే ఇంకా చెడ్డది. పేగులోనే పనిచేసి కాలేయంలో విరిగిపోవాల్సిన స్టెరాయిడ్ విరగకుండా ఒళ్లంతా తిరుగుతుంది. ముఖం ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది, తర్వాత ఎడ్రినల్ గ్రంథి పనిచేయదు. "పేగులో పనిచేసే స్టెరాయిడే కదా" అని ఇది చాలాసార్లు కంట పడదు.

నిస్టాటిన్ అనే యాంటీఫంగల్ పేగులోంచి రక్తంలోకి పోదు, అందుకని ఈ గొడవలు లేవు. కానీ దానితో ఐబీడీ తగ్గుతుందనడానికీ ఏమీ లేదు.

నైట్‌డ్యూటీ
ఫంగస్‌ని చంపే మందు అడిగే ఇంట్లోనే ఫంగస్‌ని రోజూ తాగిస్తుంటారు, శాకరోమైసిస్ బౌలార్డీ సాచెట్లు. ప్రొబయాటిక్ అంటే బ్యాక్టీరియా అనుకుంటారు. ఇది ఈస్ట్ అని చెప్పాలి.

సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) ఉన్న బిడ్డ ఉన్న గదిలో ఈ సాచెట్ గానీ క్యాప్సూల్ గానీ విప్పకూడదు. పొడి గాలిలోకి లేస్తుంది, మీటరు దూరంలో కూడా దొరికింది. చేతులు గట్టిగా కడిగినా ఈస్ట్ అంటుకునే ఉన్నట్టు కల్చర్‌లో తేలింది. ఆ చేత్తో లైన్ హబ్ (గొట్టం బయటి మూతి) ముట్టుకుంటే ఈస్ట్ నేరుగా రక్తంలోకి. పక్క మంచం బిడ్డకి ఇస్తున్నా ప్రమాదమే. సాచెట్ తాగని బిడ్డకి కూడా ఇలా ఫంజీమియా (రక్తంలో ఫంగస్) వచ్చిన సందర్భాలు ఉన్నాయి. జ్వరం వచ్చి బ్లడ్ కల్చర్‌లో ఈస్ట్ పెరిగితే, ల్యాబ్‌కి "ఈ వార్డులో బౌలార్డీ వాడుతున్నారు" అని చెప్పండి. సాచెట్ ఆపాలి, లైన్ తీసేయాలి, యాంటీఫంగల్ మొదలుపెట్టాలి.

మూడోబెంచి
లైన్ లేకుండా ఇంట్లో ఉన్న పిల్లలకైతే మంచిదేగా? విరేచనాలకి ఇస్తారు కదా.

పీడీగ్యాస్ట్రో
మామూలు విరేచనాల సంగతి వేరు. క్రోన్స్ మళ్లీ తిరగబెట్టకుండా ఉంటుందా అని 165 మంది పెద్దవాళ్లకి రోజుకి 1 గ్రాము చొప్పున 52 వారాలు ఇచ్చి చూశారు, 2013లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా లేదు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి ఇవ్వొద్దని లేబుల్‌లో రాయించింది. అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, స్టెరాయిడ్ కలిపి వాడుతున్న బిడ్డ ఆ కోవలోకే వస్తుంది. లాభం కనబడని చోట ఆ రిస్కు ఎందుకు?

ఇమ్యూనో_వి
ఆరేళ్ల లోపు, ముఖ్యంగా రెండేళ్ల లోపు ఐబీడీ మొదలైన పిల్లల గురించి ఇంకెవరూ ఎత్తలేదు. వాళ్లలో ఒకే జన్యులోపం వల్ల వచ్చే జబ్బులు వెతకాలి. అందులో సీజీడీ అంటే క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. కొలైటిస్, మలద్వారం దగ్గర గడ్డలు, బయాప్సీలో గ్రాన్యులోమా (మంట కణాల చిన్న ముద్దలు), అచ్చం క్రోన్స్‌లాగే ఉంటుంది. కానీ ఈ పిల్లల న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) ఆస్పర్జిల్లస్ ఫంగస్‌ని చంపలేవు. వీళ్లకి ఇట్రాకనజోల్ ముందుజాగ్రత్తగా ఏళ్ల తరబడి ఇస్తారు. క్రోన్స్ అనుకుని యాంటీ టీఎన్ఎఫ్ వేస్తే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. డీహెచ్ఆర్ అనే రక్తపరీక్ష ఒక్కటి ముందే చేయిస్తే ఇది బయటపడుతుంది. రిపోర్టులో క్యాండిడా శాతం గురించి అడిగే ఓపికలో కొంత ఈ పరీక్ష అడగడానికి పెడితే పిల్లలకి నిజంగా మేలు.

మందులచీటీ
యాంటీ టీఎన్ఎఫ్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. హిస్టోప్లాస్మా లాంటి ఫంగస్‌ల గురించి ఆ మందుల మీద పెద్ద హెచ్చరికే ఉంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద ఉన్న బిడ్డకి తగ్గని జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే "ఐబీడీ ఫ్లేర్" అని ముద్ర వేసి తర్వాతి డోసు ఎక్కించేయకండి, ముందు ఛాతీ చూడండి. మూడు ఇమ్యునోసప్రెసెంట్‌లు కలిపి, అందులో టాక్రోలిమస్ లాంటిది ఉంటే ఊపిరితిత్తులకి సోకే న్యుమోసిస్టిస్ రాకుండా కోట్రైమాక్సజోల్ ఇవ్వాలా అని అడగండి. అదీ ఫంగసే.

పిల్లలవార్డు
ఐటీఎస్_రీడ్స్ గారూ, పరిశోధన కోసం శాంపిల్ తీయాల్సి వస్తే ఎప్పుడు తీయాలి? కొలనోస్కోపీ రోజున తేలిక అని అప్పుడే తీస్తుంటారు.

ఐటీఎస్_రీడ్స్
ఆ రోజు వద్దు. పేగు కడిగే మందు తాగాక పేగులో ఉన్నదంతా కొట్టుకుపోతుంది, మిగిలిన నీళ్లలో ఫంగస్ ఏం చెప్పదు. ఆ కడిగే మందు తాగడానికి ముందు, చికిత్స కూడా మొదలవ్వకముందు తీయండి. మూత్రం కలవకుండా, బఠాణీ గింజంత చాలు. వెంటనే మైనస్ 80లో పెట్టలేకపోతే డీఎన్ఏ నిలిపే ద్రావణం ఉన్న గొట్టంలో వేయండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు, ముందే రెండు మూడు గొట్టాల్లో పంచి పెట్టుకోండి. ఫారంలో గత నెల యాంటీబయాటిక్, యాంటీఫంగల్, ప్రొబయాటిక్ పేరు, ఫార్ములా మీద ఉందా లేదా అన్నవి తప్పనిసరిగా రాయించండి.

నైట్‌డ్యూటీ
ప్రొబయాటిక్ దగ్గర "ఉంది/లేదు" గడి పెడితే అందరూ లేదనే టిక్ పెడతారు, అది మందు అని అనుకోరు కదా. సాచెట్ ఖాళీ కవరు తెమ్మని చెప్పండి.

పీడీగ్యాస్ట్రో
యాసిడ్ తగ్గించే మందులకి కూడా ఒక గడి పెట్టండి. కడుపులో ఆమ్లం తగ్గితే నోట్లోంచి మింగిన క్యాండిడా ఎక్కువగా బతికి కిందికి దిగుతుంది. స్టెరాయిడ్‌తో పాటు అలవాటుగా రాసేస్తారు కాబట్టి ఆ గడి ఖాళీగా వస్తే మళ్లీ అడగండి.